వానకు ఆరువందల నలభై మెట్లు

వానకు ఇంకా 61 రోజులు

వంటశాల పుస్తకంలో రాసేవి వేరు. ఎన్ని సోలల రాగులు నానబోశాం, ఏ కూర ఎంత మిగిలింది, ఏ పిల్లకు కడుపునొప్పి వచ్చింది, అవే అందులో ఉంటాయి. ఈ పుస్తకం నాది. దీన్ని జొన్నల డబ్బా వెనక దాస్తాను. డాక్టరమ్మ చదవదు, మా ఆయన గట్టయ్య చదవడు, కాబట్టి ఇందులో నిజమే రాస్తాను. నాలుగో వాడ స్వరూపను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అదీ నిజం.

ఇవాళ లెక్కపెట్టాను. మా రెండో వాడ వంటశాల గోడకు ముప్ఫై ఒక్క గిన్నెలు వేలాడుతున్నాయి. పోయిన ఏడు ఇదే నెలకు యాభై నాలుగు ఉండేవి. మా గనిలో ఆరేళ్లు నిండిన ప్రతి పిల్లకూ పేరు కొట్టించి ఒక గిన్నె ఇస్తారు. ఆ గిన్నెను ఏ వంటశాల కొయ్యకు తగిలిస్తే ఆ పిల్ల అక్కడే తింటుంది. ఎవరూ బలవంతం చేయకూడదు, కన్నతల్లి అయినా సరే. మరి పోయిన ఇరవై మూడు గిన్నెలూ ఎక్కడికి పోయాయో వేరే చెప్పాలా?

నేను పద్నాలుగేళ్ల నుంచి వండుతున్నాను. వజ్రక్క పుంటికూర పప్పు అంటే ఆరు వాడల వాళ్లూ లొట్టలేస్తారు. స్వరూప మూడేళ్ల కిందటి దాకా గాలిపంకాల దుమ్ము తుడిచేది. దాని చేతి రొట్టె ఇప్పటికీ అంచుల దగ్గర మాడుతుంది. అయినా పిల్లలు దాని వెంటే పడతారు. మందు పెట్టిందో, మాయ చేసిందో!

మా రవళి గిన్నె మాత్రం నా గోడకే ఉంది, తలుపు పక్కన మొదటి కొయ్యకు. రవళికి తొమ్మిదేళ్లు. ఇంతవరకూ వాన చూడలేదు. బొగ్గు తీసి వదిలేసిన ఈ గనిలోకి మా తాతలు కాపురం దిగినప్పటి నుంచి, పైన ఎండకు మనిషి నిలిచే రోజు ఏడాదికి ఒక్కటే, తొలివాన కురిసే రోజు. ఆ రోజు ఒక్క గంటసేపు గని నోటి దగ్గర నిలబడి తడవొచ్చు. ఎప్పుడు కురిసేదీ పైనున్న యంత్రాలు ముందే చెబుతాయి, ఒక పూట అటూ ఇటూ. కానీ ఆరువందల నలభై మెట్లు ఎవరి కాళ్లతో వాళ్లు ఎక్కాలి. రవళి పోయిన వారం నూట నలభయ్యో మెట్టు మీద కూలబడి, "వాన ఎట్లుంటదమ్మా?" అని అడిగింది. నేను చూసి ఇరవై ఏళ్లయింది. గుర్తు లేదని చెప్పలేక, "తడిగ ఉంటది" అన్నాను.

వానకు 55 రోజులు

పెరుగుకు తోడు కావాలన్న వంకతో నాలుగో వాడకు పోయాను. చూసి రావాలి కదా, ఏం మాయ చేస్తోందో.

లోపల అడుగుపెట్టగానే నోరు తెరిచాను. పిల్లలు! ఎక్కడ చూసినా పిల్లలే. ఇద్దరిద్దరుగా తిరగలి తిప్పుతున్నారు. ఇంకో పదిమంది వాడ చివరి ఊటబావి నుంచి చెంబులతో నీళ్లు తెస్తున్నారు. ఆ బావికి తొమ్మిదివందల అడుగుల దూరం. వాళ్లతో పాటు ముసలివాళ్లూ, షిఫ్టు దిగిన మగవాళ్లూ కూడా చెంబులు పట్టుకుని వస్తున్నారు. ఎవరి చెంబు ఒలికితే వాళ్లు మళ్లీ మొదటి నుంచి నడవాలట, అదొక ఆట. నవ్వులే నవ్వులు.

"ఇది వంటిల్లా, కూలీల అడ్డానా?" అన్నాను.

స్వరూప చెమట తుడుచుకుంటూ నవ్వింది. "వాళ్లు విసిరిన పిండి వాళ్లే తింటరక్కా. పుంటికూర వాళ్లే తెంపుతరు. ఆకలైనంక ఏది పెట్టినా తింటరు. నాకు వంట రాదని నీకెరుకే గదా."

వంట రాదని ఒప్పుకుంటే కోపం తెచ్చుకునేది ఎలా? అంబలి ఒక గ్లాసు ఇచ్చింది. ఉప్పు తక్కువ. ఆ మాట ముఖం మీదే అనేసి, తోడు తీసుకుని వచ్చేశాను. నా వంటశాలలో పిల్లల చేత పుల్ల కూడా విరవనివ్వను. కూర్చోబెట్టి, కలిపి, అడిగి అడిగి పెడతాను. అది ప్రేమ కాదా?

ఇంటికి వస్తే, పంకాల పని నుంచి దిగిన గట్టయ్య, "స్వరూప జొన్నరొట్టె చేసి పంకాల కాడికి పంపింది. మస్తుగున్నదే" అన్నాడు. "అంచు మాడలేదా?" అంటే, "మాడితేనే రుచి" అన్నాడు. ఈ మనిషికి రేపటి నుంచి మాడిందే పెడతాను.

వానకు 48 రోజులు

ఒక పని చేశాను. మంచిదో చెడ్డదో తర్వాత చూసుకోవచ్చు.

మూడేళ్ల కిందట గాలిపంకాలు ఆగిపోయినప్పుడు అందరం మెట్ల వైపు పరిగెత్తాం. డెబ్బయ్యో మెట్టుకే సగం మంది పిల్లలు కూర్చుండిపోయారు. ఎత్తుకున్న పెద్దవాళ్లూ వాళ్ల పక్కనే కూర్చుండిపోయారు. గంటలో పంకాలు తిరిగాయి కాబట్టి బతికాం. తప్పు పిల్లలది కాదు. ఇంటింటికీ పాకం నల్లా ఉండేది. తిప్పితే తీపి వచ్చేది, గ్లాసు పడితే గ్లాసు, చెంబు పడితే చెంబు. గడప దాటితే నడిచే బాట, నిలబడితే అదే మోసుకుపోయేది. ఆ మర్నాడు ఊరంతా కూడి నల్లాలు మూశారు, బాట ఆపారు. చిన్నా పెద్దా అందరికీ ఒకే తిండి అన్నారు. నుస్రత్ డాక్టరమ్మ ఇంకో మాట కూడా అంది. పిల్లల్ని ఎవరూ తూచకూడదు, లావని పేరు పెట్టకూడదు, ఎన్ని మెట్లు ఎక్కారో మాత్రం అడగాలి అని.

నల్లాలు మూసేనాటికి నా దగ్గర ఒక పెద్ద డబ్బా పాకం మిగిలింది. నిజానికి మిగలలేదు, నేనే పట్టి పెట్టుకున్నాను. ఇవాళ ఆ డబ్బా మూత తీసి, రొట్టెలు నలిపి, పాకం కలిపి మలీద ముద్దలు చేశాను. వాసన నాలుగో వాడ దాకా పోయి ఉంటుంది.

సాయంత్రానికి ఏడు గిన్నెలు తిరిగొచ్చాయి! ఏడు! కొయ్యల మీద వాటిని చూస్తుంటే కడుపు నిండిపోయింది.

వానకు 43 రోజులు

గిన్నెలు పదకొండు అయ్యాయి. కానీ మధ్యాహ్నం తిన్న పిల్లలు తిన్నచోటే ఒరిగిపోతున్నారు. రవళి రోజూ మూడు ముద్దలు తింటోంది. ఇవాళ మెట్ల దగ్గర నూట పదో మెట్టు మీద ఆగిపోయింది. నూట నలభై నుంచి నూట పదికి దిగింది. ఆయాసంతో దాని పెదాలు తెల్లబడ్డాయి. పక్కనుంచి స్వరూప వాడ పిల్లలు కబుర్లు చెప్పుకుంటూ ఎక్కిపోయారు. ఒకడు ఆగి రవళికి చెయ్యి ఇచ్చాడు. అది పట్టుకోలేదు.

"వంటపెద్ద బిడ్డే ఎక్కకపోతే ఇంకెవరు ఎక్కుతరు?" అని వెనక ఎవరో అన్నారు. ఎవరన్నారో వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఏమనేదాన్నో.

వానకు 41 రోజులు

ఈ పేజీని చింపేయాలేమో. రాస్తాను.

ప్రతి పిల్ల కాలికీ ఒక కడెం ఉంటుంది. అడుగు పడినప్పుడల్లా లెక్కపెట్టుకుంటుంది. ఆదివారం నాడు కూడలిలో పలక మీద అందరి లెక్కలూ కనిపిస్తాయి. ఎక్కువ నడిచిన ఇరవై మంది తొలివానకు మొదటి జట్టుగా పోతారు. రవళి స్నానానికి పోతూ కడెం తీసి పీట మీద పెట్టింది. పిండి జల్లించే యంత్రం పక్కనే ఊగుతోంది, ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ. ఎవరూ లేరు. కడేన్ని దాని పిడికి కట్టాను.

స్నానం అయ్యేసరికి రెండువేల అడుగులు. రేపు దాని తల కూడా రుద్దుతాను. ఇంకొంచెం సేపు పడుతుంది.

వానకు 33 రోజులు

పలక మీద మా రవళి మూడోది! రవళి, రెండో వాడ వంటశాల. నా కళ్లతో నాలుగుసార్లు చదివాను. గట్టయ్య పంకాల దగ్గర అందరికీ చెప్పుకున్నాడట.

స్వరూప స్వయంగా మా వాడకు వచ్చింది. "ఎట్ల నడిపిస్తున్నవక్కా? మా పిల్లలు పొద్దంతా నీళ్లు మోసినా గన్ని అడుగులు పడుతలేవు. నాకూ జర చెప్పు" అంది.

"ప్రేమగా పెడితే అన్నీ అయితయ్" అన్నాను. అబ్బ, ఆ క్షణం ఎంత తియ్యగా ఉందో! పాకం ఏ మూలకు?

డాక్టరమ్మ మొదటి జట్టు పేర్లు చదివింది. ఇరవై మందీ ఒకే తాడు పట్టుకుని ఎక్కాలి. మధ్యలో ఒక్క పిల్ల కూర్చుంటే తాడంతా ఆగాలి, లేవలేకపోతే ఇరవై మందీ వెనక్కి దిగాలి. పంకాలు ఆగిననాటి నుంచి అదే నియమం, ఎవరినీ మెట్ల మీద వదిలిపెట్టి పోకూడదని. రవళిది తాడు మీద మూడో చోటు.

ఆ మాట విన్నాక గానీ నేను చేసిందేమిటో నా బుర్రకు ఎక్కలేదు. రవళి వైపు చూశాను. అది తన కాలి కడెం వైపు చూస్తోంది.

వానకు 32 రోజులు

పొద్దున వంటశాల తలుపు తీశాను. మొదటి కొయ్య బోసిగా ఉంది.

ఎలుక లాగేసిందేమోనని పొయ్యి కింద వెతికాను. కడిగే తొట్టిలో చేయి పెట్టి చూశాను. మనసుకు తెలుసు, అయినా వెతికాను. తర్వాత నాలుగో వాడకు పోయాను. స్వరూప గోడ మీద, చివరి వరసలో, అరవై ఎనిమిది గిన్నెల మధ్య మా రవళి గిన్నె.

రవళి తిరగలి ముందు కూర్చుని ఉంది, చేతుల నిండా పిండి.

"ఎందుకే? నా చేతి కూడు చేదైందా?"

అది తల ఎత్తలేదు. "నేను నడవలేదు గదమ్మా. జల్లెడ నడిచింది. నేను చూసిన." తిరగలి పిడి మళ్లీ అందుకుని, "స్వరూప చిన్నమ్మ కాడ నిజంగనే నడుస్తరు" అంది.

చిన్నమ్మ! ఎప్పుడైంది అది దీనికి చిన్నమ్మ? నాకు చెల్లెళ్లే లేరు. ఇంటికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. ఏడుస్తూనే మలీద ముద్దలు రెండు తిన్నాను.

వానకు 30 రోజులు

పోట్లాడదామనే పోయాను. "నా బిడ్డను నా నుంచి గుంజుకున్నవ్" అందామని దారి పొడుగునా కూడబలుక్కున్నాను. తీరా ఎదురుపడ్డాక నోట్లోంచి వచ్చింది వేరు. జల్లెడ సంగతీ, పాకం డబ్బా సంగతీ మొత్తం చెప్పేశాను.

స్వరూప చేతులకంటిన పిండిని కొంగుకు తుడుచుకుంది. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"నేను నీకాడికి వచ్చి ఎట్ల నడిపిస్తున్నవని అడిగిన గదక్కా" అంది. "నవ్వుకున్నవా?"

"నవ్వుకున్న" అన్నాను.

"సరే, నడువు. డాక్టరమ్మకు చెప్దాం."

నుస్రత్ డాక్టరమ్మ అంతా విని, కళ్లద్దాలు తీసి తుడిచింది. "వజ్రమ్మా, ఆ పిల్ల మెట్టు మీద కూలబడితే మిగతా పందొమ్మిది మందీ వాన చూడకుండా దిగేవాళ్లు. జీవితాంతం వాళ్ల ముఖం ఎట్లా చూసేదమ్మా అది?" అని అడిగింది. తప్పు పిల్లది కాదు కాబట్టి దాని చోటు వానకు పది రోజుల ముందు దాకా ఉంచుతానంది. ఆ రోజుకు నాలుగువందల మెట్లు ఎక్కితే జట్టులో ఉంటుంది, లేకపోతే లేదు. తర్వాత సొరుగులోంచి ఒక కడెం తీసి నా ముందు పెట్టింది, పెద్ద సైజుది.

"ఇది ఎవరికి?"

"నీకే."

పాకం డబ్బాను సున్నం తొట్టిలో ఒంపేశాను. స్వరూప పక్కనే నిలబడి చూసింది. నేను కూడా చూశాను, ఆఖరి చుక్క దాకా.

వానకు 19 రోజులు

కాళ్లు నావి కావు. మోకాళ్లలో ఎవరో ఉలితో చెక్కుతున్నట్టుంది. పద్నాలుగేళ్లు పొయ్యి ముందు పీట మీద కూర్చున్న ఒళ్లు ఇది. పిల్లలకు పెట్టి మిగిలింది నేను తిని, నేను తినగా మిగిలింది గట్టయ్యకు పెట్టిన ఒళ్లు.

ఊటబావికి పొద్దున మూడుసార్లు, సాయంత్రం మూడుసార్లు. గట్టయ్య కూడా వస్తున్నాడు. నిన్న ఆయన చెంబు నాలుగుసార్లు ఒలికింది. రవళి నవ్వి నవ్వి కూర్చుండిపోయింది, ఆయాసంతో కాదు, నవ్వుతోనే. నా వంటశాలలో ఇప్పుడు పిల్లలే పప్పు కడుగుతున్నారు, ఆకు తుంచుతున్నారు. సగం ఆకు నేలపాలు. తుంచిన పిల్ల మాత్రం ఆ కూర కోసం కొట్లాడి మరీ తింటోంది. మలీద కోసం వచ్చిన పదకొండు గిన్నెల్లో ఆరు పోయాయి. ఐదు ఉన్నాయి.

రవళి రెండువందల అరవై ఎక్కింది. దిగేటప్పుడు స్వరూప చెయ్యి పట్టుకుంది. రెండో చెయ్యి ఖాళీగానే ఉంది, నేనే ఐదు మెట్లు వెనకబడ్డాను. నడకతో అన్నీ తగ్గుతాయంటారు. ఇదొక్కటి తగ్గడం లేదు.

వానకు 10 రోజులు

నాలుగువందల పన్నెండు! నేనే లెక్కపెట్టాను, కింద నుంచి. డాక్టరమ్మ రవళి పేరు కింద సుద్దతో గీత గీసింది. ఈసారి ఆ చోటు నిజంగా దానిదే. రవళి పైనుంచి దిగుతూ పరిగెత్తుకొచ్చి నా మెడ పట్టుకుంది. స్వరూపను కాదు, నన్ను. రాసి పెట్టుకుంటున్నాను.

వానరోజు

పొద్దున ఎనిమిదికి గంట కొట్టారు. మొదటి జట్టు తాడు పట్టుకుంది. ముందు స్వరూప, వెనక డాక్టరమ్మ, ఆ వెనక రాగలిగిన తల్లిదండ్రులం ఓ పదిమందిమి. రవళి తన గిన్నెను స్వరూప గోడ మీది నుంచి తీసుకుని నడుముకు కట్టుకుంది.

నూరు. నూట నలభై. అది ఒకప్పుడు కూలబడ్డ మెట్టును చూడకుండానే దాటింది. మూడువందల దగ్గర ఎవరో పిల్ల తూలితే రవళే తాడు బిగించి పట్టింది. నా చెవుల్లో గుండె చప్పుడు తప్ప ఏమీ వినపడడం లేదు. మూడువందల ఎనభై ఎనిమిదో మెట్టు మీద నా కాళ్లు ఇక రామన్నాయి. గోడలో మనిషి పట్టేంత గూడు ఉంది, అందులో కూలబడ్డాను.

రవళి వెనక్కి తిరిగింది. తాడు ఆగింది. ఇరవై మందీ ఆగారు.

"అమ్మా!"

"నేను తాడు మీద లేనే! నువ్వు పో!"

"నువ్వు లేకుండ నేను పోను."

పైనుంచి స్వరూప నా వైపు చూసింది. ఈ ఒక్క మాట అనడానికి నాకు మెట్లెక్కడం కన్నా ఎక్కువ ఊపిరి పట్టింది. "మీ చిన్నమ్మ ఉన్నది గదనే. ఆమెతోని పో బిడ్డా."

తాడు కదిలింది. పిల్లల కాళ్ల చప్పుడు పైకి పైకి పోయి సన్నబడింది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. ఉన్నట్టుండి పైనుంచి చల్లటి గాలి దిగింది, ఏదో వాసనతో. రాగులు నానబోసినప్పుడు మొదట వచ్చే వాసన లాంటిది. అప్పుడు గుర్తొచ్చింది, వాన అంటే ఇదే. ఆ వెంటనే పిల్లల కేకలు. అందులో రవళి గొంతు ఏదో నాకు తెలుసు. చీకటి గూట్లో ఒక్కదాన్నే కూర్చుని ఆ కేకలు విన్నాను. నా బిడ్డ మొదటిసారి తడిసినప్పుడు దాని పక్కన నిలబడింది స్వరూప, నేను కాదు. ఏడుపొచ్చింది. సంతోషంతోనా, కుళ్లుతోనా అంటే, రెండూ.

గంట దాటాక దిగారు. రవళి జుట్టు ముఖానికి అతుక్కుని ఉంది, గౌను కారుతోంది. రెండు చేతులతో గిన్నె పట్టుకుని ఒక్కో మెట్టూ చూసుకుంటూ వస్తోంది, ఊటబావి ఆటలో లాగా. రెండువందల యాభై రెండు మెట్లు అలాగే దిగింది.

గిన్నె నా చేతిలో పెట్టింది. సగమే ఉన్నాయి నీళ్లు.

"ఒలికినయా?"

"ఒక్క చుక్క కూడ ఒలకలే!" రోషంగా అంది. "నిండ పట్టిన. చిన్నమ్మ ఒక గుటక తాగింది, నేనొక గుటక తాగిన. మిగిలినయన్నీ నీకే."

చిన్నమ్మ ముందు తాగింది! వెనక నిలబడ్డ స్వరూప జుట్టు పిండుకుంటూ నా వైపు చూడకుండా నవ్వుతోంది. గిన్నె ఎత్తి గటగటా తాగేశాను. ఇద్దరూ నా ముఖంలోకే చూస్తున్నారు.

"ఎట్లున్నయే అమ్మా?"

"ఉప్పు తక్కువైంది" అన్నాను.

మరుసటి వానకు 364 రోజులు

గిన్నె ఇంకా స్వరూప గోడకే ఉంది. అడగలేదు, అడగను. పుంటికూర పప్పు ఎలా చేస్తావని స్వరూప అడిగితే చెప్పాను, ఉప్పు ఎంత వేయాలో కూడా చెప్పాను.

ఇవాళ పొద్దున కడెం పెట్టుకుని మెట్ల దగ్గరికి పోయాను. నాలుగో వాడ వంటశాల తలుపు ఇంకా తెరవలేదు, దారిలో చూసుకునే పోయాను. నూరు మెట్లు ఎక్కి దిగాను. రేపు నూట పది. వచ్చే వానకు ఆ గిన్నెలో మొదటి గుటక నాదే.